పాలపుంత పటానికి ఏ చరకాంతి తారలు నమ్మదగినవి? సెఫీడ్లు, ఆర్ఆర్ లైరేలు, మిరాల పోలిక

పాలపుంత ఆకారాన్ని దాని లోపలే ఉండి కనిపెట్టవలసిన స్థితి మనది. ఒక తార ఏ దిక్కున ఉందో చెప్పడం సులభమే కాని, అది ఎంత దూరంలో ఉందో కూడా చెప్పగలిగినప్పుడే పటానికి లోతు వస్తుంది. 2013 డిసెంబరులో ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన గయా ఉపగ్రహం నూరు కోట్లకు పైగా తారల పారలాక్స్‌ను (భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుండగా తార స్థానంలో కనిపించే చిన్న జరుగుబాటు; దాని నుంచి దూరం లెక్కగడతారు) కొలిచిన తరువాత కూడా, ప్రకాశం హెచ్చుతగ్గులయ్యే చరకాంతి తారలతో పని ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ముప్పై వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న తార పారలాక్స్ ఆర్క్‌సెకండులో (డిగ్రీలో 3,600వ వంతు) ఇంచుమించు పదివేలవ వంతు మాత్రమే. మసకగా కనిపించే తారల విషయంలో గయా కొలతలోని అనిశ్చితి కూడా దాదాపు అంతే ఉంటుంది. కొలత ఎంతో పొరపాటు కూడా అంతే అయినప్పుడు ఆ దూరంతో పటం గీయలేము. పాలపుంత కేంద్రం మనకు దాదాపు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. డిస్క్ (తారలు పళ్ళెంలా పరుచుకున్న భాగం) అవతలి అంచు, హేలో (దాని చుట్టూ పలచగా వ్యాపించిన పాత తారల ఆవరణ) శివార్లు అంతకంటే ఎంతో దూరం. అక్కడి దూరాలను ఇప్పటికీ ప్రధానంగా చరకాంతి తారలే చెబుతున్నాయి.

ఈ పద్ధతికి మూలం 1912లో హెన్రియెటా లెవిట్ హార్వర్డ్ కళాశాల అబ్జర్వేటరీ ఫోటో పలకల మీద చేసిన పరిశీలన. పాలపుంతకు పొరుగున ఉన్న చిన్న గెలాక్సీ అయిన చిన్న మెగెల్లానిక్ మేఘంలోని 25 తారలలో కాంతి హెచ్చుతగ్గుల ఆవర్తన కాలం ఎక్కువగా ఉన్న తార ఎక్కువ ప్రకాశవంతంగా ఉందని ఆమె చూపారు. అవన్నీ ఒకే మేఘంలో ఉన్నాయి కాబట్టి మనకు దాదాపు ఒకే దూరంలో ఉన్నట్టు. అందువల్ల కనిపించే తేడా అసలు తేడాయే. ఆవర్తన కాలాన్ని గడియారంతో కొలిస్తే తార నిజ ప్రకాశం తెలుస్తుంది, నిజ ప్రకాశాన్ని కనిపించే ప్రకాశంతో పోల్చితే దూరం తెలుస్తుంది. ఈ లక్షణం ఒక్క సెఫీడ్లకే పరిమితం కాదు. ఆర్ఆర్ లైరే తారలు, మిరా తారలు, రెండో రకం సెఫీడ్లు కూడా తమ తమ రీతుల్లో దూరాన్ని చెబుతాయి. విద్యార్థి ప్రాజెక్టుకైనా, స్వంత ఆసక్తితో చేసే పనికైనా వీటిలో దేనిని తీసుకోవాలన్నదే ఇక్కడి విషయం.

ముందు ప్రశ్న, తరువాత తార

చాలామంది ఈ ఎంపికను ఖచ్చితత్వం ఆధారంగా చేస్తారు. ఏ తార దూరాన్ని తక్కువ పొరపాటుతో చెబుతుందో అదే మంచిదని వారి లెక్క. నా అభిప్రాయంలో ఖచ్చితత్వం రెండో ప్రమాణం. ఏ తార అయినా తన తరం ఎక్కడ ఉందో మాత్రమే చెబుతుంది. మిగిలిన తరాల గురించి అది సాక్ష్యం ఇవ్వలేదు. సాంప్రదాయిక సెఫీడ్లు సూర్యుడికంటే నాలుగు రెట్లు, అంతకు పైబడిన ద్రవ్యరాశి గల యువతారలు. వాటి వయస్సు సాధారణంగా 40 కోట్ల సంవత్సరాల లోపే. ఆర్ఆర్ లైరే తారలు సూర్యుడికంటే తేలికైనవి, దాదాపు అన్నీ వెయ్యి కోట్ల సంవత్సరాలు పైబడిన ముసలివి. సూర్యుడు పాలపుంత కేంద్రం చుట్టూ ఒకసారి తిరగడానికి 22, 23 కోట్ల సంవత్సరాలు పడుతుందని గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. పది కోట్ల సంవత్సరాల సెఫీడ్ ఇంకా సగం చుట్టు కూడా పూర్తి చేయలేదు, కాబట్టి అది పుట్టిన వాయు మేఘాల పరిసరాల వాసన ఇంకా దానికి అంటుకొనే ఉంటుంది. అదే కొలమానంతో చూస్తే ఆర్ఆర్ లైరే తార తన జీవితకాలంలో నలభైకి పైగా చుట్లు తిరిగి, పుట్టిన చోటుతో సంబంధం తెంచుకుంది.

అందువల్ల సర్పిల భుజాలు ఎక్కడున్నాయో ఆర్ఆర్ లైరేలను అడిగితే జవాబు రాదు. పాలపుంత మింగేసిన చిన్న గెలాక్సీల శిథిలాలు ఎక్కడున్నాయో సెఫీడ్లను అడిగినా రాదు. ప్రశ్నకు తగని తారలు ఎంత ఖచ్చితంగా దూరం చెప్పినా పటంలో ఆ భాగం ఖాళీగానే మిగులుతుంది. పైగా ఆ ఖాళీని చూసి అక్కడ నిజంగానే ఏమీ లేదనుకొనే ప్రమాదం కూడా ఉంది.

సెఫీడ్లు: డిస్క్‌కు, దాని వంపుకు

యువ డిస్క్ ఆకారం కావాలంటే సాంప్రదాయిక సెఫీడ్లకు సాటి లేదు. వాటి ఆవర్తన కాలం ఒక రోజు నుంచి వంద రోజులకు పైగా ఉంటుంది. నిజ ప్రకాశం సూర్యుడికంటే వందల నుంచి పదుల వేల రెట్లు ఎక్కువ. అందువల్ల ధూళి దట్టంగా లేని దిశల్లో డిస్క్ అవతలి అంచున ఉన్నవి కూడా ఒక మోస్తరు దూరదర్శినికి అందుతాయి. కాంతి వక్రరేఖ (కాలంతో ప్రకాశం మారే తీరును చూపే గీత) చకచకా పైకి లేచి నెమ్మదిగా దిగుతుంది, ఏళ్ళ తరబడి అదే తీరున సాగుతుంది.

లెక్క ఎలా నడుస్తుందో ఈ తరగతికి పేరిచ్చిన డెల్టా సెఫై తారతోనే చూడవచ్చు. 1784లో జాన్ గుడ్‌రిక్ దీని హెచ్చుతగ్గులను గుర్తించాడు. ఆవర్తన కాలం 5.366 రోజులు, సగటు దృశ్య ప్రకాశం ఇంచుమించు 3.95 మాగ్నిట్యూడ్ (తార ప్రకాశానికి కొలమానం; సంఖ్య ఎంత తక్కువైతే తార అంత ప్రకాశవంతం). ఈ ఆవర్తన కాలానికి నిజ ప్రకాశం దాదాపు -3.5 మాగ్నిట్యూడ్. రెండింటి తేడా 7.45. దీన్ని అలాగే దూరంగా మారిస్తే దాదాపు 1,010 కాంతి సంవత్సరాలు వస్తుంది. కాని మధ్యలోని ధూళి ఈ తార కాంతిని ఇంచుమించు 0.28 మాగ్నిట్యూడ్ మేర తగ్గిస్తోంది. ఆ మేరకు సవరిస్తే తేడా 7.17, దూరం దాదాపు 890 కాంతి సంవత్సరాలు. హబుల్ దూరదర్శినితో పారలాక్స్ పద్ధతిలో కొలిచిన దూరం దీనికి సరిపోతుంది. మన పక్కనే ఉన్న, కంటికి కనిపించే తార విషయంలోనే ధూళిని మరిస్తే పదమూడు శాతం పొరపాటు వచ్చింది. డిస్క్ లోతుల్లో ఈ సవరణ ఎంత పెద్దదవుతుందో తరువాత చూద్దాం.

సెఫీడ్ల సత్తా 2019లో స్పష్టంగా కనిపించింది. చిలీలోని లాస్ కంపానాస్ అబ్జర్వేటరీలో వార్సా విశ్వవిద్యాలయానికి ఉన్న 1.3 మీటర్ల దూరదర్శినితో పనిచేసే ఓగిల్ బృందం 2,431 సెఫీడ్లతో డిస్క్ త్రిమితీయ పటాన్ని ప్రచురించింది. అదే ఏడాది మరో బృందం 1,339 సెఫీడ్లను పరారుణ కొలతలతో పరిశీలించింది. రెండు పటాల్లోనూ పాలపుంత డిస్క్ చదునుగా లేదు. కేంద్రం నుంచి దాదాపు 25 వేల కాంతి సంవత్సరాల తరువాత ఒక పక్క పైకి, ఎదురు పక్క కిందికి వంగుతూ పోతుంది. అరవై వేల కాంతి సంవత్సరాల దగ్గర ఈ వంపు నాలుగైదు వేల కాంతి సంవత్సరాల ఎత్తుకు చేరుతుంది. డిస్క్ మందం కూడా సమానంగా లేదు. సూర్యుడి దగ్గర 500 కాంతి సంవత్సరాల మేర ఉన్నది అంచున 3,000 దాటుతుంది. హైడ్రోజన్ వాయువు రేడియో పరిశీలనల్లో ఈ వంపు అంతకుముందే కనిపించింది కాని, అక్కడ దూరాలు వాయువు వేగం నుంచి ఊహించినవి. సెఫీడ్ల పటంలో ప్రతి చుక్కకూ దాని స్వంత దూరం ఉంది. ఆ తేడా చిన్నది కాదు.

బలహీనత సంఖ్యలో ఉంది. 2021లో కూర్చిన ఒక సమగ్ర జాబితాలో పాలపుంత మొత్తానికి ధ్రువపడిన సాంప్రదాయిక సెఫీడ్లు 3,352 మాత్రమే. ఇంత పెద్ద డిస్క్‌ను ఇన్ని చుక్కలతో గీసేటప్పుడు, ధూళి కప్పేసిన దిశలు ఖాళీగా మిగిలేటప్పుడు, ఒక గుంపు కనిపించినంత మాత్రాన అది సర్పిల భుజమేనని తేల్చరాదు. భుజాల వివరాలకు రేడియో దూరదర్శినుల జాలంతో కొలిచిన మేజర్ల (రేడియో తరంగాలను బలంగా వెలువరించే వాయు మేఘాలు) పారలాక్స్‌లను పక్కన పెట్టుకొని పోల్చడం మంచిది. వంపు, మందం వంటి పెద్ద ఆకారాలకు మాత్రం ఈ సంఖ్య చాలు.

ఆర్ఆర్ లైరేలు: హేలోకు, పాత కాలపు శిథిలాలకు

ఆర్ఆర్ లైరేల మంచితనం వాటి ఏకరూపతలో ఉంది. వాటి నిజ దృశ్య ప్రకాశం దాదాపు అన్నింటికీ 0.6 మాగ్నిట్యూడ్ దగ్గరే ఉంటుంది. ఆవర్తన కాలం రోజులో అయిదో వంతు నుంచి ఒక రోజు లోపు. విలియమీనా ఫ్లెమింగ్ గుర్తించిన ఆర్ఆర్ లైరే తార అభిజిత్ ఉండే లైరా మండలంలో ఉంది, పదమూడున్నర గంటలకు ఒకసారి తన చక్రాన్ని పూర్తి చేస్తుంది. వీటిని గుర్తించడం తేలిక, ఎక్కువ సంఖ్యలో దొరుకుతాయి. గయా దత్తాంశం మూడో విడుదలలో ఇవి దాదాపు 2 లక్షల 70 వేలు. ఒక్క పాలపుంత ఉబ్బు (మధ్యలో తారలు కిక్కిరిసిన భాగం), డిస్క్ ప్రాంతాల్లోనే ఓగిల్ 78 వేలకు పైగా నమోదు చేసింది.

సెఫీడ్లతో పోలిస్తే ఇవి మసకవి. ఒకే దూరంలో ఉంటే అయిదు రోజుల సెఫీడ్ కంటే నలభై రెట్లకు మించి తక్కువ ప్రకాశంతో కనిపిస్తాయి. అయినా హేలోలో ధూళి చాలా తక్కువ కాబట్టి ఈ లోటు అంతగా బాధించదు. మూడు లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ఆర్ లైరే ఇరవయ్యో మాగ్నిట్యూడ్ దాటి కొద్దిగా మసకగా ఉంటుంది; అది గయా హద్దుకు చేరువే అయినా హద్దు లోపలే. 1994లో బయటపడిన ధనూరాశి మరగుజ్జు గెలాక్సీని పాలపుంత చీల్చుతుండగా ఏర్పడిన తారల ప్రవాహం ఆకాశం చుట్టూ పట్టీలా సాగి ఉంది. హవాయిలోని పాన్‌స్టార్స్ సర్వేలో దొరికిన ఆర్ఆర్ లైరేలు ఆ ప్రవాహాన్ని మూడు లక్షల కాంతి సంవత్సరాలకు అవతలి దాకా అనుసరించాయి. హేలో నునుపైన గోళం కాదనీ, మింగిన గెలాక్సీల శకలాలతో గజిబిజిగా ఉందనీ చూపడంలో ఈ తారల పాత్ర పెద్దది.

జాగ్రత్త పడవలసిన చోట్లు మూడు ఉన్నాయి, వాటిలో మొదటిదే ముఖ్యమైనది. నిజ ప్రకాశం తార లోహాంశం (హైడ్రోజన్, హీలియం కాని మూలకాల పాళ్ళు) మీద ఆధారపడుతుంది. లోహాంశం పది రెట్లు మారితే దృశ్య కాంతిలో ప్రకాశం ఇంచుమించు 0.2 మాగ్నిట్యూడ్ మారుతుంది, అంటే దూరంలో దాదాపు పది శాతం. వర్ణపటం తీయకపోయినా కాంతి వక్రరేఖ ఆకారం నుంచి లోహాంశాన్ని అంచనా వేసే పద్ధతి 1990ల నుంచి వాడుకలో ఉంది. గయా జాబితాలో చాలా తారలకు ఆ అంచనా సిద్ధంగా దొరుకుతుంది. పరారుణంలో పనిచేస్తే ఈ ఆధారం కొంత తగ్గి, ఆవర్తన కాలంతో సంబంధం గట్టిపడుతుంది. రెండోది తారల రకం. వీటిలో ఏబీ రకం కాంతి వక్రరేఖ రంపపు పళ్ళలా నిటారుగా లేచి వాలుగా దిగుతుంది, దాన్ని మరొకటిగా పొరబడడం కష్టం. సీ రకం వక్రరేఖ మాత్రం మెత్తని అలలా ఉంటుంది. ఒకదానినొకటి తాకుతూ పరిభ్రమించే జంట తారల గ్రహణాలు కూడా సగం ఆవర్తన కాలంతో చూస్తే అచ్చం అలాగే కనిపిస్తాయి. కంప్యూటర్ వర్గీకరణ ఇక్కడ తరచు తడబడుతుంది కాబట్టి, మొదటిసారి పని చేసేవారు ఏబీ రకానికే పరిమితం కావడం మేలు. తారల సంఖ్య కొంత తగ్గుతుంది, నమ్మకం చాలా పెరుగుతుంది. మూడోది బ్లాజ్‌కో ప్రభావం. ఈ తారల్లో కొన్నింటి కాంతి వక్రరేఖ వారాలు, నెలల వ్యవధిలో ఆకారం మార్చుకుంటుంది. ఆర్ఆర్ లైరేకే దాదాపు నలభై రోజుల చక్రం ఉంది. సగటు ప్రకాశం తీసుకున్నప్పుడు దీని వల్ల దూరం పెద్దగా చెడదు.

మిరాలు: ఓపిక ఉన్నవారికి

1596లో డేవిడ్ ఫాబ్రిసియస్ గమనించిన మిరా కంటికి బాగా కనిపించే స్థితి నుంచి దూరదర్శిని లేనిదే కనిపించని స్థితికి దిగి, 332 రోజుల్లో మళ్ళీ పైకి వస్తుంది. ఈ తరగతి తారలన్నీ జీవితాంతంలో బాగా ఉబ్బిన ఎర్ర రాక్షస తారలు. మన వైపు కూడా వీటికి చరిత్ర ఉంది: 1867లో మద్రాసు అబ్జర్వేటరీలో చింతామణి రఘునాథాచారి చరకాంతి తారగా గుర్తించిన ఆర్ రెటిక్యులై మిరా తరగతిదే.

పాలపుంత మధ్య భాగంలో తారలు పొడవుగా గుమిగూడిన కడ్డీని, ఉబ్బును గీయడానికి మిరాలకు ఒక ప్రత్యేక అర్హత ఉంది. పరారుణంలో అవి అత్యంత ప్రకాశవంతమైన తారలలో ఉంటాయి, అందువల్ల దట్టమైన ధూళి వెనుక నుంచి కూడా కనిపిస్తాయి. పైగా ఒకే తరగతిలో అనేక తరాలు ఉన్నాయి: తక్కువ ఆవర్తన కాలం గలవి ముసలివి, ఎక్కువ కాలం గలవి వాటికంటే చిన్న వయసువి. మధ్య భాగంలోని మిరాలను ఈ విధంగా వేరుచేసి చూసినప్పుడు, నాలుగు వందల రోజులకు పైబడినవి స్పష్టంగా కడ్డీ ఆకారంలో సర్దుకొని ఉన్నాయి; రెండు వందల రోజుల దగ్గరివి అలా లేవు. కడ్డీ ఏ తరానిది అన్న ప్రశ్నకు మరే ఇతర చరకాంతి తార ఇంత నేరుగా జవాబు ఇవ్వదు. 2023లో ఓగిల్ బృందం 66 వేల మిరాలతో పాలపుంత పటాన్ని ప్రచురించింది.

మరి అందరూ మిరాలనే ఎందుకు వాడరు? ఒక కారణం కాలం. నాలుగు వందల రోజుల ఆవర్తన కాలాన్ని నిర్ధారించాలంటే కనీసం మూడు, నాలుగు చక్రాలు చూడాలి; గయా మూడో విడుదలలోని 34 నెలల దత్తాంశంలో అలాంటి తారకు రెండున్నర చక్రాలే పడతాయి. భూమి మీది దూరదర్శినులకైతే సూర్యుడు ఆ దిక్కుకు వచ్చిన నెలల్లో ఖాళీ తప్పదు. మన దగ్గర దానికి వానాకాలం తోడవుతుంది. ఏడాదికి దగ్గరగా ఉండే ఆవర్తన కాలాలు ఇలాంటి ఖాళీల వల్ల బాగా తప్పుగా వస్తాయి. రెండో కారణం, ఈ తారలు తమ చుట్టూ తామే ధూళిని ఊదుకుంటాయి. దారిలో ఉన్న ధూళికి, తార చుట్టూ ఉన్న ధూళికి మధ్య హద్దు గీయడం సులభం కాదు. కార్బన్ ఎక్కువగా ఉన్న మిరాల్లో ఇది మరీ ఎక్కువ. అందువల్ల దూరాలకు ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నవాటిని, నాలుగు వందల రోజుల లోపువాటిని తీసుకొని, పరారుణ సంబంధాన్ని మాత్రమే వాడడం ఆనవాయితీ. దృశ్య కాంతిలో మిరా దూరం తీయాలన్న ప్రయత్నం వృథా శ్రమ.

రెండో రకం సెఫీడ్లు: ముఖ్యంగా ఒక హెచ్చరిక

ఒక రోజు నుంచి యాభై, అరవై రోజుల దాకా ఆవర్తన కాలం గల ముసలి సెఫీడ్లు ఇవి. ఉబ్బులోను, గోళాకార తారాగుచ్ఛాలలోను దొరుకుతాయి. ఆర్ఆర్ లైరేలు చాలినన్ని దొరికే చోట వీటి అవసరం తక్కువ. అయినా వీటిని తెలుసుకోకుండా ముందుకు పోరాదు. ఒకే ఆవర్తన కాలానికి ఇవి సాంప్రదాయిక సెఫీడ్ల కంటే దాదాపు ఒకటిన్నర మాగ్నిట్యూడ్ మసకగా ఉంటాయి. ఒకదాన్ని మరొకటిగా తీసుకుంటే దూరం రెండింతలవుతుంది. హార్లో షాప్లీ 1918లో గోళాకార తారాగుచ్ఛాల దూరాలు లెక్కగట్టి సూర్యుడు పాలపుంత కేంద్రంలో లేడని తేల్చినప్పుడు దిశ సరిగ్గానే వచ్చింది, కొలత మాత్రం బాగా పెరిగిపోయింది. పాలపుంత వెడల్పు ఆయన లెక్కలో మూడు లక్షల కాంతి సంవత్సరాలు. రెండు రకాల సెఫీడ్లు ఒకటేననుకోవడం, ధూళిని లెక్కలోకి తీసుకోకపోవడం అందుకు పెద్ద కారణాలు. ధూళి సంగతి 1930లో రాబర్ట్ ట్రంప్లర్ రుజువు చేశాడు. సెఫీడ్లు రెండు రకాలన్న విషయం 1952లో వాల్టర్ బాడె ప్రకటించేదాకా స్థిరపడలేదు. ఆ ఒక్క సవరణతో ఆండ్రొమెడా గెలాక్సీ దూరం రెండింతలైంది.

ఇప్పుడు ఈ రెండింటినీ వేరుచేయడానికి కాంతి వక్రరేఖ ఆకారం, డిస్క్ తలం నుంచి ఎత్తు, గయా పారలాక్స్ మూడూ కలిపి చూస్తారు. డిస్క్ తలానికి వేల కాంతి సంవత్సరాల పైన ఒంటరిగా ఒక సెఫీడ్ కనిపిస్తే, అది కొత్త వంపు అనుకోవడానికి ముందు అది రెండో రకమేమో చూసుకోవాలి.

అసలు తేడా ధూళి దగ్గరే

ఆవర్తన కాలంలో పొరపాటు చాలా చిన్నది. సరైన దత్తాంశం ఉంటే అది అయిదారు అంకెల దాకా నిలుస్తుంది. నిజ ప్రకాశంలో అనిశ్చితి కొన్ని శాతం. పటం బాగుపడేదీ చెడేదీ ప్రధానంగా ధూళి సవరణ వల్లనే. పాలపుంత కేంద్రం దిశలో ధూళి దృశ్య కాంతిని ఇంచుమించు ముప్పై మాగ్నిట్యూడ్ల మేర అడ్డుకుంటుంది. డెల్టా సెఫై లాంటి తారను అక్కడ ఉంచితే దృశ్య కాంతిలో అది నలభయ్యో మాగ్నిట్యూడ్ దగ్గరికి పోతుంది, అంటే ఏ దూరదర్శినికీ అందదు. అదే తార రెండు మైక్రాన్ల పరారుణంలో పన్నెండో మాగ్నిట్యూడ్ దగ్గర, చిన్న దూరదర్శినికి కూడా అందేంత తేటగా ఉంటుంది. ధూళి పరారుణాన్ని దృశ్య కాంతితో పోలిస్తే పదో వంతు కంటే తక్కువే అడ్డుకుంటుంది.

కాని పరారుణంతోనే సమస్య తీరిపోదు. అక్కడ మిగిలిన రెండు, రెండున్నర మాగ్నిట్యూడ్ల సవరణను తార ఎంత ఎర్రబారిందో చూసి లెక్కగడతారు. ఎర్రబారడానికీ మొత్తం కాంతి తగ్గుదలకూ మధ్య నిష్పత్తి అన్ని దిశల్లోనూ ఒకటి కాదు. ఆ నిష్పత్తిలో నాలుగో వంతు తేడా ఉంటే సవరణలో అర మాగ్నిట్యూడ్, దూరంలో పాతిక శాతం తేడా వస్తుంది. పాలపుంత కేంద్రం దగ్గర పాతిక శాతం అంటే ఏడు వేల కాంతి సంవత్సరాలు. అంటే తార కేంద్రానికి ఇవతల ఉందా, అవతల ఉందా అన్నదే తేలదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. చిలీలోని పరానాల్ వద్ద 4.1 మీటర్ల విస్టా దూరదర్శినితో 2010లో మొదలైన పరారుణ సర్వేలోని సెఫీడ్లను తీసుకొని, 2015లో ఒక బృందం పాలపుంత లోపలి భాగంలో యువ డిస్క్ ఉందని చెప్పింది. మరుసటి ఏడాదే మరో బృందం, వేరే ధూళి నిష్పత్తితో లెక్కగట్టి, కేంద్రం చుట్టూ ఎనిమిది వేల కాంతి సంవత్సరాల మేర సెఫీడ్లు దాదాపు లేవని, ఉన్నవి నడిమధ్యన ఉన్న చిన్న డిస్క్‌లోని కొన్నేనని వాదించింది. ఆ కొన్నింటిలో మూడింటిని 2011లో దక్షిణాఫ్రికాలోని సదర్లాండ్ నుంచి పరారుణ కెమెరాతో కనుగొన్నారు. మూడింటి ఆవర్తన కాలం దాదాపు ఇరవై రోజులు, వయస్సు ఇంచుమించు రెండున్నర కోట్ల సంవత్సరాలు. ఒకే ప్రాంతంలోని, ఒకే తరగతి తారల నుంచి, ఒక్క నిష్పత్తి మార్పుతో రెండు వేర్వేరు పాలపుంతలు బయటికి వచ్చాయి. ఉబ్బులోని ఆర్ఆర్ లైరేల విషయంలోనూ ఇలాంటి వివాదమే ఉంది. 2012లో ఓగిల్ దత్తాంశం వాటి లోపలి భాగం కడ్డీ వైపుగా సాగి ఉందని చెబితే, 2013లో పరారుణ దత్తాంశం దాదాపు గోళాకారమని చెప్పింది.

డిస్క్‌లో మితమైన ధూళి ఉన్న చోట ఓగిల్ దత్తాంశంతో పనిచేసేవారు వెసెన్‌హైట్ సూచిని వాడతారు. ఐ వడపోతలో (సమీప పరారుణం) ప్రకాశం నుంచి, వి (దృశ్య కాంతి), ఐ వడపోతల తేడాను 1.55తో గుణించి తీసివేస్తే వచ్చే సంఖ్య అది. ధూళి వల్ల తార మసకబారిన మేరకు ఎర్రబారుతుంది కాబట్టి రెండూ ఒకదానినొకటి కొట్టేస్తాయి. చాలా తెలివైన ఉపాయమే. అయితే ఆ 1.55లో పైన చెప్పిన నిష్పత్తే దాగి ఉంది, అందువల్ల దట్టమైన ధూళిలో దీన్ని గుడ్డిగా నమ్మరాదు.

ఏ పనికి ఏది

మొదటి ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థి హేలోలోని ఏబీ రకం ఆర్ఆర్ లైరేలతో మొదలుపెట్టాలని నా సలహా. గయా దత్తాంశం ఉచితం, తారలు లక్షల్లో ఉన్నాయి, పాలపుంత తలానికి ముప్పై డిగ్రీలకు పైన ఉండే తారలు మాత్రమే తీసుకుంటే ధూళి బాధ దాదాపు ఉండదు. ధనూరాశి ప్రవాహం ఒక మామూలు ల్యాప్‌టాప్ మీదనే కళ్ళకు కట్టినట్టు బయటపడుతుంది. డిస్క్ వంపు చూడాలనుకునేవారికి ఓగిల్ సెఫీడ్ల జాబితా సరైనది. అది ప్రధానంగా దక్షిణాకాశానికి, పాలపుంత తలానికి పరిమితమైనది కాబట్టి ఉత్తరాన గయా సెఫీడ్లతో పూరించుకోవాలి. గయా జాబితాలోని పదిహేను వేల సెఫీడ్లలో అధిక భాగం మెగెల్లానిక్ మేఘాలవని మరచిపోకుండా ముందుగా వాటిని తీసివేయాలి. ఆకాశమంతటినీ రాత్రి రాత్రీ చూసే ఆసాస్‌ఎస్ఎన్ సర్వే ప్రకాశవంతమైన తారలకు మంచిది. తారలు కిక్కిరిసిన ఉబ్బులో దాని పెద్ద పిక్సెళ్ళు పక్క పక్క తారలను కలిపేస్తాయి, అక్కడ దాన్ని వాడకూడదు. కడ్డీ మీద పని చేయదలచినవారు మిరాలను తీసుకోవచ్చు. కాకపోతే అది ఒక సెమిస్టరులో తేలే పని కాదు, పరారుణ దత్తాంశంతో ముందే పరిచయం ఉండాలి.

దత్తాంశం కాక స్వయంగా తారను చూడాలనుకునేవారికి తెలుగు రాష్ట్రాల నుంచి అనువైనది శ్రవణా నక్షత్రానికి దక్షిణాన ఉండే ఎటా అక్విలే. 7.18 రోజుల ఈ సెఫీడ్ మసకబారినప్పుడు కూడా నగరానికి దూరంగా కంటికి కనిపిస్తుంది. వానలు వెనుకబట్టాక సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో పక్క తారలతో పోల్చుతూ ఒక నెల రాసుకుంటే కాంతి వక్రరేఖ వస్తుంది.

తీసుకున్న తార ఏదైనా, పాలపుంత మీద ప్రయోగించే ముందు దూరం ముందే తెలిసిన చోట లెక్కను పరీక్షించాలి. సెఫీడ్లకు, మిరాలకు పెద్ద మెగెల్లానిక్ మేఘం ఉంది; గ్రహణ జంట తారల ద్వారా 2019లో దాని దూరం ఒక శాతం ఖచ్చితత్వంతో దాదాపు 1 లక్షా 62 వేల కాంతి సంవత్సరాలుగా తేలింది. ఆర్ఆర్ లైరేలకు ఎం3 గోళాకార తారాగుచ్ఛం కంటే మంచి పరీక్ష లేదు. అందులో రెండు వందలకు పైగా ఆర్ఆర్ లైరేలు ఉన్నాయి, ఆ దిశలో ధూళి అతి తక్కువ, దూరం దాదాపు 33 వేల కాంతి సంవత్సరాలు. వాటన్నింటికీ విడివిడిగా దూరం లెక్కగట్టినప్పుడు జవాబులు ఆ సంఖ్య చుట్టూ అయిదు శాతం లోపు కుదురుకుంటే హేలోకు వెళ్ళవచ్చు. అంతకంటే ఎక్కువ చెదిరితే లోహాంశాన్నీ, సీ రకం తారలేమైనా జాబితాలో చొరబడ్డాయేమో కూడా ముందు చూసుకోవాలి. చెదరకుండా అన్నీ కలిసి ఒకే వైపు జరిగితే, నిజ ప్రకాశానికి తీసుకున్న ప్రమాణ విలువలోనే తేడా ఉన్నట్టు.